చెరువులో రెండు చుట్లు

బటన్ నొక్కితే తెరుచుకునే గొడుగుల మీద నాకు సదభిప్రాయం లేదు. వాన పడుతున్నప్పుడు ఎంత నొక్కినా కదలవు. బస్సులోనో బ్యాంకు లైన్లోనో ఎవరూ నొక్కకుండానే, ముందున్నవాడి వీపు చూసుకుని మరీ విచ్చుకుంటాయి. మా నాన్న వాడిన వంకీ గొడుగు ఆయన సర్వీసంతా కలిసి నడిచింది గానీ, ఒక్కసారి కూడా సొంత నిర్ణయం తీసుకోలేదు. ఈ మాట ఎక్కడైనా రాయాలని చాన్నాళ్ళుగా ఉంది. రాశాను కాబట్టి ఇక ప్రయాణంలోకి వస్తాను.

ప్రయాణానికి కారణం మా బావ జాన్‌బాబు. మా ఆవిడ ఎస్తేరుకి అన్నయ్య. బందరులో మందుల షాపు. అప్పట్లో కేబుల్ టీవీ కొత్తగా వంద ఛానళ్ళు చూపిస్తోంది. అందులో ఏదో దేశంలో మామూలు మనుషులు, రోజూ ఆఫీసుకు వేసుకెళ్ళే కార్లనే సెలవు రోజున రేసు ట్రాక్ మీదికి తీసుకెళ్ళి, సరదాగా నాలుగు చుట్లు తిరిగి, టీ తాగి ఇంటికి పోవడం బావ చూశాడు. దాన్ని ట్రాక్ డే అంటారట. "సరదాలు వాళ్ళకేనా? మనం మనుషులం కాదూ?" అని, కార్లున్న నలుగురు స్నేహితుల్ని పోగేసి క్లబ్బు పెట్టేశాడు. ఐదోవాణ్ణి నేను.

క్లబ్బు ఉంది, ట్రాక్ లేదు. కోడూరు దగ్గర ఒక స్నేహితుడి రొయ్యల చెరువు, రొయ్యకి తెగులొచ్చి రెండేళ్ళుగా ఎండిపోయి ఉంది. ఆరెకరాల చదును. చుట్టూ గట్టు ఉంది కాబట్టి ఎవరూ అదుపు తప్పి పక్కవాళ్ళ పొలంలోకి పోయే భయం లేదు. ఇంతకంటే భద్రమైన ట్రాక్ ఏ దేశంలోనూ లేదని బావ తేల్చేశాడు.

పందెం కూడా ఆయనే పెట్టాడు. మా కుటుంబం పెళ్ళికి బయల్దేరితే, ఉన్న కార్లలో ఒకటి పెద్దల బండి అవుతుంది. ఇంట్లో ఉన్న వృద్ధులందరూ అందులోనే. పాట పెట్టకూడదు. అద్దం దించితే గాలి, ఎత్తితే ఉక్క. పామర్రులో ఒకరికి సోడా, కూచిపూడిలో ఒకరికి వాంతి. ఆ బండి చర్చి చేరేసరికి పెళ్ళికొడుకు భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ ఉంటాడు. "ఓడినవాడి కారు ఈ సీజనంతా పెద్దల బండి, ఏమంటావ్?" అన్నాడు బావ. ఆ మే నెలలో మాకు ఐదు పెళ్ళిళ్ళున్నాయి. అంతకుముందు పెళ్ళికి పెద్దల బండి నాదే. ఒప్పుకోవడానికి నేను ఆలోచించిన గుర్తు లేదు.

పోటీ రోజు తెల్లవారి ఐదున్నరకి గుడివాడలో నా పాత తెల్ల మారుతి తుడుచుకుంటున్నాను. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని డిక్కీలో స్టెప్నీ కూడా తీసి ఇంట్లో పెట్టాను. అప్పుడు ఎస్తేరు బయటికి వచ్చింది.

"ఏవండీ, కారు ఖాళీగానేగా వెళ్తోంది?"

మా వైపు ఖాళీ కారు అనేది ఉండదు. కారు ఊరు దాటుతోందంటే ఎవరో ఒకరు ఎక్కాలి. లేకపోతే కనీసం ఆవకాయ జాడీ అయినా ఎక్కాలి. ఈసారి రెండూ ఎక్కాయి. జాడీతో పాటు వచ్చినావిడ రూతమ్మ గారు, ఎస్తేరుకి పెద్దమ్మ, నాకు వరసకి అత్తగారు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు, కానీ ఆ సంగతి ఆవిడకి ఎవరూ గట్టిగా చెప్పినట్టు లేదు. కోడూరులో చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళాలట. చేతిలో బటన్ గొడుగు.

"అల్లుడు గారూ, ప్రార్థన చేసుకోకుండా బండి కదపకూడదు," అన్నారు. ప్రార్థన అయ్యేసరికి ఆరు దాటింది.

వెళ్ళదలచినవారికి దారి చెబుతాను. గుడివాడ నుంచి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి. ఆ తర్వాత పులిగడ్డ దగ్గర కృష్ణ దాటితే దివిసీమ. అవనిగడ్డ బస్టాండు ఎదుట మినప రొట్టె దొరుకుతుంది. ఆకలిగా ఉంటే బాగుంటుంది. రోడ్డు చల్లపల్లి దాకా రోడ్డే. కూచిపూడి దాటాక నేను కాస్త వేగం పెంచి చూశాను.

"ఎవరైనా పోయారా?" అన్నారు రూతమ్మ గారు వెనక నుంచి.

"లేదండీ."

"మరెందుకా పరుగు?"

తొమ్మిదింటికి కోడూరు చేరాం. చెల్లెలి ఇంటికి తాళం. పక్కింటావిడ చూరు కింద నిలబడి చెప్పింది: "మరియమ్మ గారా? పొద్దున్నే మొదటి బస్సుకి గుడివాడ వెళ్ళారమ్మా. అక్కని చూసి చాలా రోజులైందని. చెప్పకుండా వెళ్ళి ఆశ్చర్యపరుస్తానన్నారు."

రూతమ్మ గారు తాళం ఒకసారి లాగి చూశారు. "దానికి చిన్నప్పట్నుంచీ ముందుచూపు లేదు," అని వచ్చి మళ్ళీ కార్లో కూర్చున్నారు. తను కూడా చెప్పకుండానే వచ్చారన్న సంగతి నేను గుర్తు చేయలేదు.

ఆ విధంగా ట్రాక్ డేకి నేను అత్తగారితో, ఆవకాయ జాడీతో వెళ్ళాను.

చెరువు నిజంగానే బాగుంది. నేల నెర్రెలు విచ్చి గట్టిపడి ఉంది. మలుపుల దగ్గర ఇసుక నింపిన మేత బస్తాలు పెట్టారు. గట్టు మీద ఊళ్ళోవాళ్ళు సగం మంది కూర్చున్నారు. ఒకాయన బఠాణీలు కూడా అమ్ముతున్నాడు. బావ క్రికెట్ గ్లౌజులు వేసుకుని కొత్త ఎర్ర కారు పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏం పెద్దమ్మా, నువ్వెందుకొచ్చావ్?"

"ఒరే జానీ, ఆ చేతులకేమైందిరా? కాలాయా?"

రెండేసి కార్లు, రెండు చుట్లు. మొదటి జత మేమే. నేను వెనక డోరు తీసి, "అత్తయ్య గారూ, ఐదు నిమిషాలు గట్టు మీద కూర్చుంటారా?" అన్నాను.

ఆవిడ చుట్టూ చూశారు. కనుచూపు మేరలో నీడంటూ ఉంటే అది మా కారుదే. "ఎండ. నేను దిగను. మీరు తిరగండి, నేను చూస్తుంటాను."

చెరువు యజమాని తువ్వాలు ఎత్తి నిలబడ్డాడు. నేను గేరు వేశాను. భుజం మీద చెయ్యి పడింది.

"ప్రార్థన."

"పొద్దున చేశాం కదండీ."

"అది కోడూరుకి చేశాం. దీనికి చెయ్యలేదు."

కళ్ళు మూసుకున్నాను. పరలోకమందున్న తండ్రిని పిలిచి ఆవిడ మెల్లగా మొదలుపెట్టారు. అల్లుడి కోసం, అల్లుడి ఉద్యోగం కోసం, ఇంటికి తాళం వేసి తిరుగుతున్న చెల్లెలి బుద్ధి కోసం. గట్టు మీద కేకలు, ఈలలు. తువ్వాలు పడిందని అర్థమైంది. బావ కారు రయ్యిమంది. ఆ చప్పుడు దూరమవుతుంటే, ఐదు పెళ్ళిళ్ళూ వరసగా నా కళ్ళ ముందు కదిలాయి, కళ్ళు మూసుకునే ఉన్నాను కాబట్టి ఇంకా స్పష్టంగా. "...మరియు ఆ ముందు పోతున్న జానీ వేగమును నీ చేతితో ఆపుము ప్రభువా..." అన్నారు రూతమ్మ గారు. ఆ ఒక్క వాక్యానికి నేను మనస్ఫూర్తిగా ఆమేన్ అన్నాను.

బయల్దేరేసరికి బావ సగం చుట్టు దాటాడు. నేను మొదటి మలుపులో పంతంగా తొక్కాను. కారు ఒక పక్కకి ఒరిగింది. ఆవకాయ జాడీ ఇటు వచ్చింది, రూతమ్మ గారు అటు వెళ్ళారు, గొడుగు విచ్చుకుంది.

చిన్న కార్లో గొడుగు విచ్చుకుంటే ఇక కారు దానిదే. ఒక ఊచ నా చెవిలో, నల్లగుడ్డ నా ఎడమ కంటి మీద. "ముడవండి!" అని అరిచాను. "బటన్ రావట్లేదు!" అన్నారు ఆవిడ గొడుగు అవతల నుంచి. మిగిలిన కుడి కంటితో, రెండో గేరులో, కొత్తగా సైకిలు నేర్చుకునేవాడిలా పోతున్నాను. గట్టు మీద జనం లేచి నిలబడ్డారు.

చెరువు మూల, నీళ్ళు వదిలే తూము దగ్గర, బావ కారు కదలకుండా నిలబడి ఉంది. సగం చక్రాలే కనిపిస్తున్నాయి. ముందురోజు పక్క చెరువుకి కాలువ నీళ్ళు పెట్టారట. గట్టు కింద నుంచి ఊట వచ్చి తూము మూలంతా నానింది. పైన ఎండిన పెచ్చు, కింద బురద. ట్రాక్ పరీక్షించిన క్లబ్బు సభ్యులు ఆ మూల నడిచే చూశారు గానీ, ఎవరూ కారంత బరువు లేరు. వేగంగా వెళ్ళి ఉంటే నేనూ బావ పక్కనే పార్కు చేసేవాణ్ణి. గొడుగు పుణ్యమా అని ఆ బురదని తీరిగ్గా చూసి, చుట్టూ తిరిగి, రెండు చుట్లూ పూర్తి చేశాను. గట్టంతా చప్పట్లు. కారు దిగి చెయ్యి ఊపాను. అంత మర్యాద నాకు నా పెళ్ళిలో కూడా జరగలేదు.

బావ మోకాళ్ళ దాకా బురదతో, గ్లౌజులతో నడిచి వచ్చాడు. "ప్రార్థనతో గెలవడం గెలుపు కాదు, బావా!"

"క్లబ్బు రూల్సులో ఎక్కడుంది?" అన్నాను.

మిగతా పోటీలు జరగలేదు. ట్రాక్టరు రేపటికి గానీ రాదన్నారు. మధ్యాహ్నం రెండింటికి, రాత్రికి మా ఇంట్లో ఉంటానన్న బావని కూడా ఎక్కించుకుని తిరుగు ప్రయాణమయ్యాం. ముందు సీట్లో కూర్చుంటే కాళ్ళ బురద అంటుకుంటుందని వెనక, జాడీ పక్కన కూర్చోబెట్టాను. అవనిగడ్డలో టీ, మోపిదేవిలో రూతమ్మ గారికి కొబ్బరి బోండాం, చల్లపల్లిలో సోడా. ఎండ వాలింది. కాలవ మీద నుంచి చల్లగాలి తగులుతోంది. మొత్తం మీద ట్రాక్ డే మంచి అలవాటనే చెబుతాను. మనిషికి తన కారు మీద, తన మీద నమ్మకం పెరుగుతుంది. వెళ్ళేవారు తూము వైపు జాగ్రత్త. ఐదు పెళ్ళిళ్ళకీ పాటలు పెట్టుకుని, అద్దాలు దించుకుని, మొదటి పంక్తికి అందేలా వెళ్ళొచ్చనుకున్నాను. ఈల వేసుకుంటూ కూచిపూడి దాటించాను.

వెనక సీట్లో రూతమ్మ గారు గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పామర్రు దగ్గర నోరు తెరిచారు.

"ఒరే జానీ, నువ్వు బండిని బురదలో దింపేవాడివి, నీతో ఎవరొస్తార్రా? అల్లుడు గారు ఎంత నిదానంగా తోలారో కళ్ళారా చూశాను. ఈ ఐదు పెళ్ళిళ్ళకీ ముసలాళ్ళం అందరం ఈ కార్లోనే వస్తాం."