ఆయిల్ పంపు నట్టుకు కట్టిన తీగ

మా మేనమామ పోయాడు. ఉధ్నా షెడ్డులో ఆయన చేత ఇంజిన్లు బాగుచేయించుకున్నవాళ్లలో కొందరికి ఈ సంగతి ఇంకా తెలియదు. ఫోన్ చేసి "కాకా ఉన్నాడా?" అని అడుగుతున్నారు. పొద్దున్నే స్నానానికని లేచి, అలాగే పడిపోయాడు. పక్షవాతం. ఆసుపత్రిలో మళ్లీ మాట రాకుండానే వెళ్లిపోయాడు. అంతకుముందే చిన్నచిన్న స్ట్రోకులు వచ్చి ఉంటాయి, ఇంట్లో ఎవరూ ఏ తేడా గమనించలేదా అన్నాడు డాక్టరు. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

వయసులో ఉండగా ఈ గుజరాతీల ఊరికి వలస వచ్చిన మరమగ్గాల ఫిట్టరు ఆయన. తర్వాత కార్లలోకి వచ్చాడు, అందులోనూ పందేలకు తయారుచేసే పాత విదేశీ కార్ల ఇంజిన్లలోకి. నేను డిప్లొమా చదివి ఆయన దగ్గరే పనిలో చేరాను. కోపం ముక్కు మీదే ఉండేది. పవర్ ఎంత పెంచుతారని ఎవరైనా అడిగితే చాలు, "గుర్రాలెన్ని గావాలెనో జెప్తడు గని, అవి తాగనీకి నూనె అందుతదా అని ఒక్కడడగడు" అని నాతో తెలుగులో గొణిగేవాడు. అడిగినవాడు అర్థంకాక నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

ఆయన దిగులంతా ఆయిల్ పంపు గురించే. మా దగ్గరికి వచ్చే ఒక రకం ఆరు సిలిండర్ల ఇంజిన్లో, పంపును తిప్పే పళ్లచక్రాన్ని ఒకే ఒక్క నట్టు పట్టుకుని ఉంటుంది. ఇంజిన్‌ను గట్టిగా పరిగెత్తిస్తే ఆ వణుకుకు నట్టు వదులవుతుంది. అది ఊడితే చక్రం జారుతుంది, పంపు ఆగుతుంది, నూనె అందక బేరింగులు కాలిపోతాయి. మీలో ఎవరైనా మగ్గాల షెడ్డులో కాసేపు నిలబడి ఉంటే ఆ వణుకు ఎలాంటిదో తెలుస్తుంది. "మగ్గం నేర్పిన ముచ్చటే బిడ్డా. వణికేదాని మీద నట్టును నమ్మొద్దు" అనేవాడు మామ. అందుకే నట్టుకు సన్న బెజ్జం వేసి, స్టీలు తీగతో చక్రానికి కట్టేసేవాడు. ఆ తీగ ఎప్పుడూ నట్టును బిగించే వైపే లాగుతూ ఉండాలి. ఆయన చేతిలో దాని మెలికలు జడ అల్లినంత సమంగా పడేవి.

కట్టాక ఇంజిన్ అడుగున నూనెతొట్టిని వెంటనే మూసేవాడు కాదు. నన్ను పిలిచి, తీగను వేలితో లాగి చూడమనేవాడు. "కాకిపిల్ల కాకికి ముద్దు. నా కన్ను నా పనికి చుట్టం. జర నువ్ జూడు." నేను చూసేదాకా చాయ్ కూడా ముట్టేవాడు కాదు. షెడ్డులో ఎవరి పని వాళ్లే మూసుకోకూడదన్నది ఆయన పెట్టిన కట్టుబాటు. నాకు పని నేర్పింది ఆయనే, పనిని అనుమానించడం నేర్పిందీ ఆయనే.

చివరి ఇంజిన్ దగ్గర ఆ కట్టుబాటు ఆయనే తప్పాడు. నేను జ్వరంతో ఇంట్లో ఉన్నప్పుడు తీగ కట్టి, తొట్టి మూసేశాడు. ఆ కారు వరాఛా పేటలో వజ్రాలు సానపట్టించే ఒక అబ్బాయిది. మామంటే అతనికి ప్రాణం. దినాలు అయ్యాక వచ్చి, ఇంజిన్ కారులోకి ఎక్కించమన్నాడు. ఒకసారి విప్పి చూస్తానంటే ఒప్పుకోలేదు.

"బెన్, కాకా నే అప్నే హాథ్ సే బంద్ కియా హై. మత్ ఖోలో" అన్నాడు. అక్కా, కాకా తన చేత్తో మూసింది, తెరవొద్దని.

నాకు మాత్రం తెరవాలని ఉందా? ఏం కనబడుతుందోనని భయం. చూడకుండా పంపితే, ట్రాక్ మీద ఆ నట్టు ఊడితే, మామ ఇన్నేళ్లుగా నిలబెట్టుకున్న పేరు ఆ ఇంజిన్‌తో పాటే కాలిపోతుంది. అప్పుడు కారులో ఉండేది ఈ అబ్బాయే. చివరికి, "చూడకుండా ఇస్తే కాకా నన్ను షెడ్డులోంచి తరిమేవాడు" అన్నాను. అతను పక్కకు జరిగాడు.

తొట్టి విప్పాను. తీగ ఉంది. మెలికలు ఎప్పటిలాగే సమంగా ఉన్నాయి. వేలు పెట్టి లాగితే గట్టిగానే ఉంది. కానీ అది నట్టును లాగుతున్నది విప్పే వైపుకి. అంత అందంగా చేసిన తప్పును నేనెన్నడూ చూడలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ తీగను కత్తిరించి, కొత్తది కట్టి, అతనిచేత కూడా లాగించి చూసి మూశాను. అతను కళ్లు తుడుచుకున్నాడు.

సాయంత్రం మామ ఇంటికి వెళ్లి అత్తమ్మకు చెప్పాను. దాచాలనిపించలేదు.

"ఈ నడుమ మీ మామ నల్లా బంద్ జేయబోయి ఇంకింత ఇప్పుతుండె" అంది. "నీళ్లన్నీ పోతున్నయని తిట్టిన, బిడ్డా. ఏంది గిట్ల జేస్తున్నవ్, నన్ను సతాయించనీకేనా అన్న. నవ్విండు."

లేచి వంటింట్లోకి వెళ్లింది. నల్లా మూసే ఉంది. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఇంకా బిగిస్తూనే నిలబడింది.