బుర్గి దించిన పైన్ కొమ్మ

వియన్నా అంచున స్టామర్స్‌డోర్ఫ్‌లో ట్రామ్ ఆగిపోయే చోటు నుంచి పది నిమిషాలు ఎత్తు ఎక్కితే బుర్గి గేటు వస్తుంది. ముప్పై ఏళ్ళు ఆ ట్రామ్ నడిపినవాణ్ణి నేను. డ్యూటీ దిగి ఇంటికి పోకుండా ఆ గేటు వైపు నడిచిన రోజులు గుర్తుచేస్తే మా ఆవిడ ఇప్పటికీ అలుగుతుంది. గేటు మీద పైన్ కొమ్మ వేలాడుతుంటే లోపల ఆ ఇంటివాళ్ళు సొంతంగా చేసిన వైన్ అమ్ముతున్నట్టు, లేకపోతే లేనట్టు. వియన్నాలో పుట్టినవాడెవడూ ఇంతకు మించి అడగడు.

ఆ కొమ్మ కింద బుర్గి తన కొండవాలులో పండినది తప్ప ఇంకొకరిది చుక్క కూడా పోసి ఎరగదు. ఏడెనిమిది రకాల ద్రాక్ష తీగలు కలగాపులగంగా నాటిన తోట అది. అన్నీ ఒకే రోజు కోసి కలిపే పిండుతుంది. భర్త పోయిన ఏడాది తోట అమ్మెయ్యమని పేటంతా చెప్పింది. ఆవిడ అందరి మాటా విని, కత్తెర పట్టుకుని తోటలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు డెబ్బై దాటాయి, ఆ కత్తెర వదల్లేదు.

ఒక జూన్‌లో వడగళ్ళు పడి పంట ముప్పాతిక పోయింది. మిగిలినదానితో మూడే పీపాలు నిండాయి. మరుసటి ఏప్రిల్‌లో ఎప్పట్లాగే రెండు వారాలు గేటు తెరుస్తారని, ఏ ఇంట్లో వైన్ ఎప్పుడు పోస్తారో చెప్పే పేట క్యాలెండర్‌లో అచ్చయిపోయింది. తీరా తెరిచే రెండు రోజుల ముందు ఆవిడ నేలమాళిగ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. స్ట్రెచర్ మీద నుంచే నాకూ, మరిది బెనోకూ ఆజ్ఞలు వేసింది.

"రొట్టె మీద రాసే జున్ను ముద్దలో ఉల్లిపాయ తగ్గించకండి. పీపాలు ఖాళీ అయిన రోజు కొమ్మ దించెయ్యండి. వింటున్నారా?"

విన్నాం. ఆరో రోజు, శుక్రవారం పొద్దున పీపాలు ఖాళీ. బయట ఎండ బాగా కాస్తోంది. అలాంటి శని, ఆదివారాల్లో సగం సిటీ మా కొండెక్కుతుంది. మంచాన పడ్డ మనిషి గిరాకీ పోతుందే అని మా బాధ.

"పక్క కొండవాళ్ళ దగ్గర మంచి వైన్ ఉంది, తెచ్చి పోద్దాం," అన్నాడు బెనో.

"మీ వదినకి తెలిస్తే?"

"ఎవడు చెప్తాడయ్యా? నువ్వు నోరు మూసుకుంటే చాలు."

తెచ్చాం. పీపాలో పోసింది నేనే. తాగినవాళ్ళు లొట్టలేశారు. నేనూ తాగాను. తేడా ఏమీ తెలియకపోయేసరికి మనసు ఇంకా తేలికపడింది. ఇది సాయం అనుకున్నాను, చూడండి, అంతగా గడ్డి తిన్నది నా బుద్ధి.

ఆదివారం మధ్యాహ్నం పెరడు కిటకిటలాడుతుంటే గేటు ముందు టాక్సీ ఆగింది. తుంటికి ఆపరేషన్ చేసిన డాక్టర్లు వద్దన్నా వినకుండా, రెండు ఊతకర్రల మీద బుర్గి దిగింది. పైన కొమ్మ వైపు చూసింది.

"ఇంకా ఉందా వైన్?"

ఆవిడే దగ్గరి బల్ల మీద ఎవరిదో గ్లాసు ఎత్తి, ఒక గుక్క నోట్లో తిప్పి, నేల మీద ఉమ్మేసింది.

"ఎవరిదిది?"

"శుక్రవారం నీది అయిపోయింది బుర్గీ, నీకోసమే పక్క కొండవాళ్ళది..."

"నా పేరు చెప్పి నీ పని కప్పుకోకు. నిచ్చెన తే."

నేనెక్కుతానంటే కర్రతో పక్కకి నెట్టింది. బెనో నడుం పట్టుకుంటే రెండు మెట్లెక్కి, కర్రతో తాడు తప్పించి కొమ్మని కింద పడేసింది.

"శుక్రవారం నుంచి మీరు తాగుతున్నది నాది కాదు," అంది అందరితో. "ఎవరూ డబ్బివ్వక్కర్లేదు. గ్లాసులు పెట్టేసి వెళ్ళండి."

"బాగానే ఉంది కదమ్మా, కూర్చోనీ," అన్నాడు ఒకాయన.

"అయితే పండించినవాడి ఇంటికెళ్ళి కూర్చో."

అరగంటలో పెరడు ఖాళీ అయింది. బెనో తల పట్టుకున్నాడు. "ఇన్నేళ్ళ పేరు నీ నోటితోనే మట్టిలో కలిపావు వదినా. ఇంకెవడొస్తాడు?"

"కలిపింది మీరు. కడుక్కునేది నేను." నా వైపు తిరిగింది. "సెప్టెంబర్‌లో కోతకొచ్చి బుట్ట మొయ్యి. అప్పటిదాకా ఈ గేటు దగ్గర కనపడకు."

మోశాను. వీపు విరిగింది. చేతికర్ర పట్టుకుని సాలు మొదట్లో నిలబడి, "ఆకులు కూడా కోస్తున్నావేంటి, సలాడ్ చేస్తావా?" అని పొద్దుగూకేదాకా దులిపింది. తిట్టినా పిలిచింది కదా అని నాకు లోపల సంతోషమే.

మళ్ళీ ఏప్రిల్‌లో గేటు తెరిచిన రోజు వచ్చింది తొమ్మిది మంది. నూరు మంది పట్టే పెరడు. మర్నాడు పదకొండు మంది. ఆవిడ రోజూ అన్ని బల్లలూ తుడిచింది, అన్నిటి మీదా గ్లాసులు పెట్టింది. రెండో ఆదివారానికి సగం బల్లలు నిండాయి. ఆ రోజు నా ఎదురుగా కూర్చుని రెండు గ్లాసులు పెట్టింది.

"ఒకటి నాది, ఒకటి పక్క కొండది. ఏది నాదో చెప్పు."

రెండూ రెండుసార్లు తాగాను. అన్నీ తెలిసినవాడిలా మొహం పెట్టి ఎడమ చేతి గ్లాసు చూపించాను.

"కాదు," అంది. గొంతులో కోపం లేదు. "ముప్పై ఏళ్ళు తాగావు, మోశావు, అయినా నీకు తెలీదు. ఇక్కడున్నవాళ్ళలో ఎవరికీ తెలీదు. అందుకేనయ్యా నేను వేరేది పొయ్యనిది."