మాట పోయిన అత్తగారు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా తగిన వయసు రాలేదు. లెక్క వేస్తే నిండా అయిదేళ్లు కాలేదు. అయినా ఆదివారం పొద్దున హోసూరులో మా మామ ఇంటి నడవలో చాపలు పరిచి, వీధి మొత్తం ఒక్క టీవీ ముందు కూర్చున్న కాలాన్ని ఇంకేమని పిలవాలో తెలియడం లేదు. అందులో ఒక ఇంటి హాస్యకథ వారం వారం వచ్చేది, హిందీలో. మా వీధిలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ అందరికీ వచ్చు, హిందీ ఒక్కరికీ రాదు. అయినా ఆ కథలోని లావుపాటి అత్తగారు కనుబొమ్మ ఎగరేస్తే చాలు, అందరం పడి పడి నవ్వేవాళ్లం.

నేను అప్పుడే డిప్లొమా ముగించి, ఊత్తంగరై నుంచి వచ్చి, మామ ఇంట్లో ఉంటూ ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాను. ఏ పనికైనా ముందు పట్టీ రాసుకోవడం నా అలవాటు. ఒక శనివారం మామ అంగడిలో ఉన్నప్పుడు, టీవీలో వచ్చే సన్నని గుయ్యిమనే మోతను పోగొడదామని వెనక మూత విప్పాను. ఒకటి, ప్లగ్గు తీయాలి. రెండు, స్క్రూలు ఎనిమిది, అగ్గిపెట్టెలో వెయ్యాలి. మూడు, దుమ్ము దులపాలి. నాలుగు, మూత బిగించాలి. అన్నిటికీ టిక్కు పెట్టాను. మోత పోయింది. (మాటలు కూడా పోయాయి. అగ్గిపెట్టెలో ఒక స్క్రూ మిగిలింది. ఈ రెండూ పట్టీలో లేవు.)

మర్నాడు మా కొత్త టీవీ చూడడానికే అత్త పుట్టింటివాళ్లు కృష్ణగిరి నుంచి మొదటి బస్సులో దిగారు. మామ దర్జాగా మీట తిప్పాడు. బొమ్మ వచ్చింది. కథలోని అత్తగారి నోరు ఆడుతోంది, మాట లేదు. ఇంకా తిప్పాడు, ఊహూ. మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఏమప్పా డిప్లొమా, దీన్ని ముట్టుకున్నావా?"

"దుమ్ము దులిపినాను మామా. అయిదు నిమిషాలిస్తే..."

"మళ్లా విప్పినావంటే చెయ్యి విరుస్తా. సాయంత్రం బస్సుకు మీ ఊరికి పో. పెట్టె సర్దుకో."

హోసూరులో నాకు వేరే చోటు లేదు. ఇల్లు పోతే పనీ పోయినట్టే. అప్పుడే తెర మీద అత్తగారు ట్రంకుపెట్టె లాగి చీరలు కుక్కడం మొదలుపెట్టింది. గోడకానుకుని వక్కాకు నములుతున్న మా అవ్వ (మామకు అమ్మ, నాకు అమ్మమ్మ), ఆమె నోరు తెరిచినప్పుడే తానూ తెరిచింది.

"పోతా! ఈ ఇంట్లో రాగి ముద్ద అడిగితే బ్రెడ్డు పెడతారు. నా వక్కాకు తిత్తి యాడ దాచినారో ఆ దేవునికే తెలియాల!"

తెర మీది కొడుకు చేతులు జోడించాడు. అవ్వ గొంతు బొంగురు చేసింది. "వద్దమ్మా, పోవద్దు!"

అత్తగారు ఇంకో చీర విసిరింది. "పోకుండా? పిల్లోడు ఏదో ఒకటి విప్పకుంటే పని యాడ నేర్చుకుంటాడు? నువ్వు చిన్నప్పుడు మీ నాయన గడియారం విప్పి, అతకలేక బావిలో పడెయ్యలేదా? వాణ్ని పంపితే నేనూ ఆ బస్సుకే!"

అత్తవాళ్లమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "గడియారం కత మాకు చెప్పనే లేదే అల్లుడా!" అంది. మామ కాసేపు బిగబట్టాడు, చివరికి నవ్వు ముక్కులోంచి వచ్చేసింది. తెర మీద అత్తగారు పెట్టె మీద చతికిలబడింది. "సరే, ఉంటాలే. పిల్లోనికి కాఫీ ఇయ్యండి," అంది అవ్వ.

సాయంత్రం నా పెట్టె ఊసు ఎవరూ ఎత్తలేదు. మర్నాడు మామే టార్చి పట్టుకుంటే, ఊడిన స్పీకరు తీగను అతికించి, ఎనిమిదో స్క్రూ కూడా బిగించాను.

ఈమధ్య అదే భాగం మళ్లీ వేశారు. ఫ్యాక్టరీ పుణ్యమా అని ఇప్పుడు నాకు హిందీ వచ్చు. అత్తగారు అలగనే లేదు, తీర్థయాత్రకు సర్దుకుంటోంది. రైలు తప్పిపోతుందని కొడుకు బతిమాలుతున్నాడు. ఆమె నటన గొప్పదే, కాదనను. కానీ గోడ దగ్గర అవ్వ కూర్చునే చోటు ఖాళీ అయి రెండేళ్లయింది. మామ లేచి పోయి, మీట తిప్పి, శబ్దం తీసేశాడు.

"నువ్వు చెప్పప్పా," అన్నాడు.

"పోతా!" అని మొదలుపెట్టాను. వక్కాకు తిత్తి దాకా వచ్చి ఆగిపోయాను. స్క్రూలకు కూడా పట్టీ రాసుకున్నవాణ్ని, అవ్వ మాటలు ఒక్కటీ రాసుకోలేదు. తెర మీద కొడుకు చేతులు జోడించాడు. పక్కనుంచి మామ గొంతు బొంగురు చేసి, "వద్దమ్మా, పోవద్దు," అన్నాడు. ఇద్దరం నవ్వాం, ఒకరి వైపు ఒకరం చూసుకోకుండా.