ఎండబెట్టిన పెన్‌డ్రైవ్

మా చర్చిలో క్రిస్మస్ పాటల సంగీతం పోవడానికి మా వదినే కారణమని అందరూ అనుకున్నారు. పెన్‌డ్రైవ్‌ను ఎలా పడితే అలా లాగేసిందని. అది నేను పుట్టించిన మాట.

తోటపల్లి గూడూరు దగ్గర నాకు రొయ్యల మేత దుకాణం ఉంది. అందులో ఒక పాత కంప్యూటరు. డిస్కులో ముక్కలు ముక్కలుగా పడి ఉన్న ఫైళ్లను ఒకచోటికి చేర్చే ప్రోగ్రాము దాంట్లో ఉండేది. అది నడుస్తుంటే తెర మీద ఎర్ర గళ్లు తగ్గి, నీలం గళ్లు బారులు తీరేవి. మేతకు వచ్చిన రైతులు బస్తాల మీద కూర్చుని చూసేవాళ్లు. "ఆ ఎర్రది కదలకుండా ఉండాదే, దానికి జబ్బేమన్నా చేసిందా అన్నా?" అని ఒకాయన దిగులుపడ్డాడు.

వదిన చర్చిలో ఆడవాళ్లకు పాటలు నేర్పేది. కీబోర్డు వాయించే మనిషిని నెల్లూరు నుంచి బతిమాలి పిలిపించి, ఆ ఏటి పాటలకు సంగీతం రికార్డు చేయించి, పెన్‌డ్రైవ్‌ను నా చేతికిచ్చింది. పండగదాకా భద్రంగా దాచమంది. దాచి ఊరుకుంటే సరిపోయేది.

నేను రోజూ దాన్ని కంప్యూటరుకు పెట్టి గళ్లు సర్దించాను. ఆ వైద్యం తిరిగే డిస్కుకే గాని పెన్‌డ్రైవ్‌కు అక్కర్లేదు. ఊరికే రాసి, చెరిపి, అరగదీయడమే. అది నాకు తర్వాత తెలిసింది. కొన్నాళ్లకు పెన్‌డ్రైవ్ మొరాయించింది. రొయ్యలు పట్టి అమ్మేశాక ఖాళీ గుంటను నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టి, దున్ని, సున్నం చల్లి, ఆ తర్వాతే నీళ్లు పెడతాం. ఏ రోగమొచ్చినా మాకు తెలిసిన మందు అదే. పెన్‌డ్రైవ్‌ను కాగితం మీద పెట్టి ఎండలో ఉంచాను. సున్నం చల్లలేదు, అంతవరకు తెలివి ఉంది. మళ్లీ పెడితే, ఫార్మాట్ చేయాలా అని కంప్యూటరు అడిగింది. ఎండాక దున్నాలి కదా అని సరేనన్నాను. ఆ పైన డిస్కు పరీక్ష చేయిస్తే ఏ లోపమూ లేదని తేలింది. నిజమే. గుంట శుభ్రంగా ఉంది, ఒక్క రొయ్యా లేదు.

పండగ రోజు దాన్ని వదినే స్పీకరుకు పెట్టింది. శబ్దం రాలేదు. తీసి మళ్లీ పెట్టింది. పాస్టరు గారు నా వైపు చూశారు.

"అట్ట లాగేస్తే పోతాయి గదా వదినా," అన్నాను.

మరుసటి ఏడు పాటలు నేర్పే పని ఇంకొకరికి ఇచ్చారు. వదిన మైకు దగ్గరికి వస్తే చాలు, నువ్వు దూరంగా ఉండక్కా అని నవ్వేవాళ్లు.

ఈమధ్య ఒక ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి, గళ్లు, ఫార్మాటు, డిస్కు పరీక్ష, అన్నీ వివరంగా ఒప్పుకున్నాను. ముక్కలైన బతుకులను దేవుడు ఒకచోటికి చేరుస్తాడని నేను చెబుతున్నట్టు అర్థం చేసుకుని జనం ఆమెన్ అన్నారు. పాస్టరు గారు దాని మీదే ప్రసంగం చేశారు.

బయట వదిన చెప్పులేసుకుంటూ, "ఏందబ్బయా, నీ సాక్ష్యంలో నా మాటే రాలేదే," అంది. "మళ్లీ చెప్పు. ఈసారి కంప్యూటరు లేకుండా చెప్పు."

తర్వాతి ఆదివారం మళ్లీ లేచాను. పాటలు చెరిపింది నేను, నింద వేసింది వదిన మీద, అని చెప్పి కూర్చున్నాను. వదిన ముందుకు పోయి, పాటలు పాడే ఆడవాళ్లను లేచి నిలబడమంది. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, నిలబడ్డారు.