గంట దాటకపోతే రాయొద్దన్నారు

తొంభైల చివర, పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పాసై రెండేళ్లు ఖాళీగా ఉన్నాక, బందరు పక్కన గిలకలదిండి హార్బరు దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం దొరికింది. ఆడపిల్ల చేతికి స్పానరు ఎవరూ ఇవ్వరు గనక రిజిస్టరు ఇచ్చారు. నీళ్లను గడ్డకట్టించే అమ్మోనియా కంప్రెసరు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, బాగు చేయడానికి ఎంతసేపు పట్టింది, ఇవన్నీ అందులో రాయాలి. నెలాఖరున లెక్క తీసి ఓనరుకి చూపించాలి.

ఆ లెక్క కష్టమైనదేం కాదు. మిషను మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చూసి, దాన్ని ఎన్నిసార్లు చెడిందో ఆ అంకెతో భాగిస్తే, ఒకసారి బాగు చేశాక సగటున ఎంతకాలం నమ్మవచ్చో తెలుస్తుంది. ఆ కాలం నెలనెలా తగ్గుతూ వస్తే లోపల ఏదో అరిగిపోతోందని అర్థం. అది మా కాలేజీలో చెప్పారు. రాసేవాళ్లు నిజం రాస్తేనే అది పనికొస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

కంప్రెసరు నడిపేది బందరు టౌను నుంచి సైకిలు మీద వచ్చే ఒక ముస్లిం పెద్దాయన. అందరూ భాయ్ అనేవాళ్లు, నేను బాబాయ్ అనేదాన్ని. ఇరవై ఏళ్లుగా అదే మిషను మీద ఉన్నాడు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన షాఫ్టును మోసే బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఒకరోజు నన్ను పిలిచి నా చెవికి పెట్టాడు. గరగరమని గులకరాళ్లు దొర్లుతున్నట్టు వినపడింది.

"బేరింగు లూజైపోయింది అమ్మాయ్. షాఫ్టు ఊగుతుంది. అది ఊగితే సీలు అరిగిపోద్ది. సీలు పోయిందంటే గ్యాసంతా మన మొహం మీదకే," అన్నాడు.

అప్పటికే సీలు దగ్గర కారడం మొదలైంది. ఆపడం, బిగించడం, తగ్గిన ఆయిలు పోయడం, మళ్లీ నడపడం. అరగంట పని. నేను ప్రతిసారీ రాశాను. మేనేజరు రిజిస్టరు చూసి మొహం చిట్లించాడు.

"ఏంటమ్మా, ఇన్నిసార్లు ఆగినట్టు రాశావు? ఓనరు గారు చూస్తే ఏమనుకుంటారు?"

"ఆగిందండీ. అందుకే రాశాను."

"అరగంటలో స్టార్టు చేశాం కదా. దాన్ని ఆగడం అంటారా? గంట దాటితేనే రాయి. లేకపోతే రాయొద్దు."

నేను సరేనండీ అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నా మీద నాకే ఒళ్లు మండిపోతుంది. రెండేళ్లకు దొరికిన ఉద్యోగం, కొత్త, భయం, ఇవన్నీ నిజమే. కానీ లెక్క తెలిసినదాన్ని నేను. ఆ అరగంటలే అసలు సంగతని ఆ ఆఫీసులో నాకొక్కదానికే తెలుసు.

మరుసటి నెల ఓనరు రిజిస్టరు చూసి, "మిషను కొత్తదానిలా నడుస్తుందే!" అని మురిసిపోయాడు. అదే వారం బాబాయ్ ఆఫీసు గదిలోకి వచ్చి మూడు రోజులు మిషను ఆపమని అడిగాడు, బేరింగు మార్చడానికి.

"మూడు రోజులా? వేట జోరుగా ఉంది. బోట్లన్నీ ఐస్ కోసం వేరే ఫ్యాక్టరీకి పోతాయి," అన్నాడు మేనేజరు. నా బల్ల మీది రిజిస్టరు తీసి ఆయన ముందు తెరిచాడు. "చూడు. పోయిన నెలంతా ఎక్కడన్నా ఆగిందా? నీ చెవులే పాడైనట్టున్నాయి భాయ్."

బాబాయ్ నావైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. ఆయన మిషను దగ్గరకు వెళ్లిపోయాడు.

రెండు వారాలకు, పొద్దున పదకొండు ప్రాంతంలో సీలు పగిలింది. చేపలమ్మే ఆడవాళ్లు బుట్టలతో ఐస్ కోసం వరండాలో కూర్చుని ఉన్నారు. తెల్లటి పొగ ఒక్కసారిగా కమ్మేసింది. కళ్లలో కారం కొట్టినట్టు, గొంతు పట్టేసినట్టు అయింది. అరుచుకుంటూ అందరం రోడ్డు మీదకు పరిగెత్తాం. మేనేజరు మాకంటే ముందున్నాడు.

బాబాయ్ తువ్వాలు నీళ్ల తొట్టిలో ముంచి మొహానికి చుట్టుకుని తిరిగి లోపలికి వెళ్లాడు. వాల్వులు కట్టేయకపోతే గ్యాసు బయటకు వస్తూనే ఉంటుంది. కట్టేశాడు. గోడ తడుముకుంటూ బయటకు వచ్చాడు. ఆ ఆడవాళ్లే బిందెలతో నీళ్లు తెచ్చి ఆయన కళ్ల మీద పోస్తూ ఆటో వచ్చేదాకా ఆపలేదు. కుడి కన్ను పోయింది. ఎడమ కంటికి మసక మిగిలింది.

మూడో రోజు తనిఖీ అధికారి వచ్చాడు. అప్పటికే మేనేజరు కాగితం తయారు చేసి ఉంచాడు. ఆపరేటరు అజాగ్రత్తగా సీలు అతిగా బిగించడం వల్లే ప్రమాదం జరిగిందట. సాక్ష్యం నా రిజిస్టరు. అంత బాగా నడుస్తున్న మిషను ఊరికే ఎందుకు పగులుతుంది?

"ఈ రాత ఎవరిది?" అని అడిగాడు అధికారి.

"నాదేనండీ."

"ఈ రెండు నెలల్లో ప్రమాదం రోజు ఒక్కసారే ఆగిందా?"

మేనేజరు ఆయన వెనక నిలబడి నాకేసి గుడ్లురిమి చూస్తున్నాడు. నాకు ఆ క్షణంలో భయం వేయలేదు. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది.

"లేదండీ. గంట దాటినవే రాయమన్నారు. మిగతావి నేను రాయలేదు."

"ఆధారం ఉందా?"

ఉంది. సీలు కారిన ప్రతిసారీ ఆయిలు పోయాలి. ఆయిలు కావాలంటే స్టోరులో చీటీ ఇవ్వాలి. చీటీ మీద తేదీ, టైము, బాబాయ్ సంతకం ఉంటాయి. మధ్యాహ్నమంతా స్టోరు గదిలో నేల మీద కూర్చుని చీటీలు వరసగా పేర్చాను. మొదట పది పన్నెండు రోజులకొకటి. తర్వాత వారానికి. తర్వాత నాలుగు రోజులకు. చివరి వారంలో రోజూ ఒకటి, ఒకరోజైతే రెండు. చిన్నపిల్లకు చూపించినా అర్థమయ్యేంత తేటగా ఉంది.

అధికారి చీటీలు పట్టుకెళ్లాడు. అజాగ్రత్త అన్న మాట కొట్టేశారు. వైద్యం, పరిహారం ఓనరు మీద పడ్డాయి. బేరింగు మార్చేదాకా మిషను నడపొద్దన్నారు. విజయవాడ నుంచి ఫిట్టర్లు వచ్చి పని రెండు రోజుల్లో ముగించారు. రెండే రోజులు! బాబాయ్ మూడడిగాడు. విప్పిన బేరింగు నేను చూశాను. లోపలి పూతంతా పోయి ఇత్తడి తేలింది.

ఆ నెలాఖరుకి నన్ను రావొద్దన్నారు. అది చెప్పిన మేనేజరు మాత్రం అదే కుర్చీలో ఉన్నాడు.

బాబాయ్ ఇంటికి వెళ్లాను. ఆయన నవ్వుతూనే పలకరించాడు. నేను బేరింగు సంగతి చెప్పాను. "నా చెవులు బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు. ఆయన భార్య టీ గ్లాసు నా చేతికిస్తూ మెల్లగా అడిగింది: "రాయకుండా వదిలేసేటప్పుడు నీకేమీ అనిపించలేదా అమ్మా?"

అనిపించింది. ఆవిడకు ఆ మాట చెప్పలేకపోయాను. తెలిసే వదిలేశానంటే తప్పు ఇంకా పెద్దదవుతుంది కదా.

తర్వాత గుడివాడ దగ్గర ఒక రైసు మిల్లులో కుదిరాను. కొన్నేళ్లకు గుడివాడ బస్టాండులో ఆ మేనేజరు ఎదురుపడ్డాడు. జుట్టు నెరిసింది. "బాగున్నావా అమ్మా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. "అప్పుడు సీజను కదా, నా చేతిలో మాత్రం ఏముంది? నా చోట నువ్వుంటే ఏం చేసేదానివి?"

"ఆపేదాన్నండీ," అన్నాను గట్టిగా. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

బస్సెక్కి కూర్చున్నాను. ఆపేదాన్నని అంత గట్టిగా ఎలా అన్నాను? రాయొద్దంటేనే కలం కింద పెట్టినదాన్ని.