ముందే చెప్పిన సాక్ష్యం

సహోదరులారా, సహోదరీలారా, తాగుడు మానేశానని పోయిన ఏడు ఇదే సంఘంలో నిలబడి నేను చెప్పిన సాక్ష్యం అబద్ధం. ఆ రోజు మీరందరూ చప్పట్లు కొట్టారు, పాస్టరుగారు నా తల మీద చేయి ఉంచి ప్రార్థించారు, నా భార్య ఆనందంతో ఏడ్చింది, కాని ఆ పొద్దున కూడా నేను తాగే వచ్చాను!

అలా ఎందుకు చెప్పానంటే, మా నాన్న కోసం. గుండె జబ్బుతో ఆయన రోజురోజుకూ కుంగిపోతూ, నా కొడుక్కి తాగుడు నుంచి విడుదల దొరకడం చూసి పోతే చాలని అందరితో అనేవారు, ఆ మాట వినలేక లేచి చెప్పేశాను. అప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. అబిడ్స్‌లో ఏ సందులో ఏ సంఘస్థుడు కనబడతాడోనని ఖైరతాబాద్ దాకా పోయి తాగేవాణ్ణి, దుకాణం ముందు హెల్మెట్ తీసేవాణ్ణి కాదు, ఫోన్ మోగితే ఎవరో చూసేశారనుకునేవాణ్ణి, ఇంటికి వచ్చే ముందు గుప్పెడు సోంపు నమిలి నాన్నకు దూరంగా నిలబడేవాణ్ణి.

మా నాన్న మీలో చాలామందికి తెలుసు. అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో లిఫ్టు నడిపి రిటైరైన మనిషి. అమ్మకు చూపు పోయాక, డ్యూటీకి వెళ్ళే ముందు ఆమెకు తల దువ్వి జడ వేసి, ఏ గిన్నెలో ఏముందో చేయి పట్టి తాకించి చూపించి, అప్పుడు గడప దాటేవారు. అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళాక కూడా ఆయన ఊరికే కూర్చోలేదు, నా భార్య ఉద్యోగానికి పోతే వంట చేసి, నా కూతుర్ని బడిలో దించి, నేను పడగొట్టిన ఇంటిని ఆయన నిలబెట్టారు.

ఒక మధ్యాహ్నం నాన్నను నాంపల్లిలో ఒక దవాఖానలో చేర్చామని నా భార్య ఫోన్ చేసింది. నేను అప్పటికే తాగి ఉన్నాను. సోంపు నోట్లో పోసుకొని పరుగెత్తాను, దారంతా ఒకటే భయం, ఆయన పోతారేమోనని, ఆయనకు తెలిసిపోతుందేమోనని, రెండిట్లో ఏది పెద్దదో ఇప్పటికీ సిగ్గుతో చెప్పలేను.

నాన్న ఆయాసపడుతూ, "ప్రార్థన చేయి బిడ్డా" అన్నారు. నేను తలుపు దగ్గరే ఆగాను.

"గంత దూరం నుంచా? దగ్గరకు రా."

"బయట తిరిగొచ్చిన నాయినా, నీకు ఇన్ఫెక్షన్ అయితది."

అంత ఆయాసంలోనూ ఆయన నవ్వారు. "తలుపులు మూసిన లిఫ్టుల బతికినోన్ని రా నేను. ఎవడు తాగొచ్చిండో నా ముక్కుకు ఎరుకే. సోంపు నమిలినోడైతే ఇంకా పక్కా."

తలుపు వదిలి మంచం దగ్గరకు వెళ్ళాను. "ఎప్పట్నుంచి తెలుసు నాయినా?"

"నువ్వు సాక్ష్యం చెప్పొచ్చి నా పక్కన కూసున్నప్పట్నుంచి."

"మరి ఎందుకు అడగలే?"

"నలుగుర్ల నీ ఇజ్జత్ తీసి నేనేం జేసుకుంట? దేవునికి చెప్పుకున్న. మావోడు చెప్పిండు ప్రభువా, ఇగ నువ్వు జేసి సూపెట్టు అని. రోజూ గదే."

ఆ మంచం పక్కన కూలబడి నేను నిజంగా ప్రార్థించింది అప్పుడే. "ప్రభువా, నేను తాగి ఉన్నాను. తాగే నీ పేరు చెప్పాను. మానడం నాకు చేతకాదు. మా నాన్న పోయేలోగా నన్ను పట్టుకో."

ఆ సాయంత్రమే డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మందులు వాడినా చేతులు వణికి టీ గ్లాసు పట్టలేకపోయేవాణ్ణి, చెమటలు పట్టేవి, చచ్చిపోతాననిపించేది, నా భార్య పక్కనే కూర్చొని కీర్తనలు చదివేది. నాన్న ఇంటికి వచ్చారు. నేను పని నుంచి రాగానే, "జర ఊదు రా" అని మొహం దగ్గరకు పిలిచేవారు. "తాతా, నువ్వు ట్రాఫిక్ పోలీసువా?" అని నా కూతురు నవ్వేది. తాగకపోయినా నాకు భయమేసేది. ఆయన వాసన చూసి, "ఔ, స్తోత్రం" అనేవారు. ఆ మాట ఆయన నోట చాలా సాయంత్రాలు విన్నాను, దేవునికే మహిమ!

వానలు తగ్గకముందే నాన్న నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళారు. సమాధి దగ్గర పాత స్నేహితుడొకడు భుజం మీద చేయి వేసి, "ఇయ్యాల గూడ తాగకుంటే ఇంకెప్పుడు తాగుతవు రా?" అన్నాడు. నా నోరు ఊరింది సహోదరులారా, అబద్ధం చెప్పను. పాస్టరుగారి చేయి పట్టుకొని, ఈ రోజు నన్ను వదలకండి అన్నాను, ఆయన వదల్లేదు.

నేను గెలిచానని చెప్పడానికి నిలబడలేదు. పొద్దు వాలితే ఇప్పటికీ నాకు భయమే, ఆ భయంతోనే మోకరిస్తాను, నేటి వరకు ప్రభువు నన్ను నిలబెట్టాడు. మిమ్మల్ని మోసం చేసినందుకు క్షమించండి. మీలో ఎవరైనా ఏదైనా దాచుకొని దేవునికి దూరంగా నిలబడి ఉంటే, బాగుపడ్డాక వద్దాం అనుకోకండి, ఉన్నవారు ఉన్నట్టే రండి. తాగిన నోటితో పిలిచిన నన్నే కాదనలేదు, మిమ్మల్ని ఎందుకు కాదంటాడు?