బానలో ఆరు కొర్రమేనులు

నా చిన్నప్పుడు, ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో, పెదపాడు దగ్గర మా అమ్మమ్మగారింట్లో నాకో ఉద్యోగం ఉండేది. బతికున్న కొర్రమేను చేపలకు రోజూ నీళ్లు మార్చడం. కొల్లేటి నుంచి బుట్టలో వచ్చిన చేపల్ని మావాళ్లు ఒక్కసారే కోసెయ్యరు. బానలో నీళ్లు పోసి వదిలి, మూత మీద రాయి పెట్టి, రోజుకొకటి తీసి వండుకుంటారు. ఆ జిడ్డు నీళ్లు పారబొయ్యాలంటే నాకు అసహ్యం. అయినా అయిదో క్లాసుతో బడి మానెయ్యడానికి అంతకన్న మంచి సాకు దొరకలేదు.

మా చిన్నమామయ్య మాత్రం వాల్తేరులో ఎం.ఏ. చదివేవాడు. ఏడాదికి సరిపడా గది అద్దెకూ మెస్సుకూ అని తాతయ్య ఏలూరు షావుకారు దగ్గర ఎకరం తాకట్టు పెట్టి అప్పు తెచ్చి, మొత్తం మామయ్య చేతిలో పోశాడు. ఉన్నవి రెండెకరాలే. జూలైలో రైలెక్కిన మనిషి దసరా సెలవులకు రిస్టువాచీతో, నల్లకళ్లద్దాలతో, ఖాళీ జేబులతో దిగాడు. నాకు శాటిను రిబ్బన్లు తెచ్చాడు. అవి కట్టుకుని వీధంతా ఊరేగాను.

సాయంత్రానికి సంగతి బయటపడింది. మెస్సుకు బాకీ. కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వరట. రెండో ఎకరం కూడా పెట్టమన్నాడు. తాతయ్య ఏలూరు బయల్దేరడానికి కండువా భుజాన వేసుకున్నాడు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, నాలుగు రోజులాగండి."

మర్నాడు చేపలొచ్చాయి. ఆరింటిని అమ్మమ్మ నాచేత ఓ బానలో వదిలించి, అవి మామయ్యవి అంది. మావి ఇంకో బానలో.

"ఒరేయ్, సెలవులన్నాళ్లూ నీకివే. రోజుకొకటి వండనా?"

"చిల్లరగా ఎందుకమ్మా? అన్నీ వండెయ్యి. స్నేహితులిద్దరు భోజనానికొస్తున్నారు."

అమ్మమ్మ ఆరూ వండేసింది. ముగ్గురూ తినగలిగినంత తిన్నారు. ఇంకా మట్టిదాకలో సగం పులుసు మిగిలింది. రెండో రోజు అదే పులుసు మరింత రుచిగా ఉందన్నాడు. మూడో రోజు ముక్కు ముడిచాడు. నాలుగో రోజు మూత తీస్తే పైన తెల్లటి నురగ, కింద బుడగలు. పులిసిన కుళ్లు వాసన. నేను ముక్కు మూసుకున్నాను. అమ్మమ్మ తొణక్కుండా జారిపోతున్న ముక్కను గరిటెతో తీసి మామయ్య విస్తట్లో వేసింది. మా విస్తళ్లలో పొద్దున కోసిన చేప.

"ఇదేంటమ్మా, కుళ్లిపోయింది కదా."

"నీ వాటా అంతే నాన్నా. వాళ్లది అడుగుతావా?"

నా నోరు ఊరుకోదుగా. "మామయ్యగారూ, మా చేపలు రెండు ఇంకా ఈదుతున్నాయండి. మాకు ఎం.ఏ. చదువు లేదు కదా, అందుకని."

ఎవరూ నవ్వలేదు. మామయ్య దొడ్లోకి పరిగెత్తి కక్కుకున్నాడు. తిరిగొచ్చి వాచీ ఊడదీసి తాతయ్య ముందు పెట్టాడు.

వాచీ అమ్మితే మెస్సు బాకీ తీరింది. మిగతా నెలలకు అమ్మమ్మ పాలడబ్బులోంచి మనియార్డరు పంపేది, నెలకు గది అద్దెకూ మెస్సుకూ ఎంతో అంతే. మామయ్య పరీక్ష రాసి పాసయ్యాడు. రెండో ఎకరం నిలిచింది. మొదటిది మాత్రం షావుకారుదే అయిపోయింది.

మామయ్య వాచీ ఊడదీసిన రోజే నాకింకోటి తట్టింది. నా జడలో ఊగుతున్నది కూడా ఆ ఎకరంలో ముక్కే. రిబ్బన్లు ఊడదీసి వాసన చూశాను. నిజమో నా పిచ్చో, పులుసు కంపు కొట్టింది. బాన నీళ్లతోపాటు మురుగు గుంటలో పారేశాను. మామయ్య మీద కన్నా నా మీద నాకే ఎక్కువ రోత పుట్టింది.

ఇప్పటికీ ఎవరైనా ఒక్క మొత్తంగా డబ్బు చేతిలో పెడితే ముందు నాకా దాక వాసనే వస్తుంది. నెలకొకటి చొప్పున పన్నెండు వాటాలు వేసి, ఒకటి పైకి తీసి, మిగతావి డబ్బాలో పెట్టి మూత మీద రాయి పెడతాను. ఇంట్లో పిల్లలు చూసి నవ్వుతారు. నవ్వనీ. నాలుగో రోజు ఆ మూత తీసినప్పుడు వాళ్లక్కడ లేరు.